ఒకే డబ్బా 40 పేజీల్లో ఉంటే: బ్లాకా, పారాగ్రాఫా, నోడా?

చిత్తుప్రతి
డ్రూపల్ 10 (వెబ్‌సైటు నడిపే సాఫ్ట్‌వేర్) సైటు, 300 పైచిలుకు పేజీలు. కొత్తగా కంటెంట్ మోడల్ (ఏ మేటర్‌ని ఏ రకంగా దాచాలన్న ప్లాన్) రాసుకుంటూ ఒకచోట ఆగిపోయాం. మళ్ళీ మళ్ళీ వాడే ముక్కల్ని ఎలా కట్టాలో తేలట్లేదు.

పోయిన నెల రెండు దెబ్బలు తగిలాయి, ఒకటి ఇటు నుంచి, ఇంకోటి అటు నుంచి. మొదటిది: "సంప్రదించండి" అనే డబ్బా బ్లాక్‌గా (ఒకచోట రాస్తే చాలా పేజీల్లో కనబడే ముక్క) ఉంది. ఒక ఎడిటర్ తన పేజీలో పనివేళలు మార్చుకుందామని తెరిచి మార్చారు. ఆ డబ్బా ఉన్న మిగతా 39 పేజీల్లోనూ మారిపోయింది. రెండు రోజుల దాకా ఎవరూ చూడలేదు. ఆ రెండు రోజులూ జనం తప్పుడు వేళల్లో ఫోన్లు చేశారు.

రెండోది: "దరఖాస్తుకు ముందు చదవండి" అనే హెచ్చరిక. దీన్ని పారాగ్రాఫ్‌గా (ఏ పేజీకి ఆ పేజీలోనే రాసే ముక్క) కట్టాం. 60 పేజీల్లో 60 సార్లు విడివిడిగా టైపు చేసి ఉంది. నిబంధన మారింది. 60 పేజీలూ తెరిచి మార్చామనుకున్నాం, 4 తప్పిపోయాయి.

ఇప్పుడు టీమ్‌లో సగం మంది "అంతా బ్లాకులే" అంటారు, మిగతా సగం "అంతా పారాగ్రాఫులే" అంటారు. లేఅవుట్ బిల్డర్ (పేజీలో ముక్కల అమరిక మార్చుకునే సాధనం) కూడా ఆన్ చేసి ఉంది, దాంట్లో పెట్టే బ్లాకులు మళ్ళీ వేరే రకమట. ఏది ఏంటో చదివి తెలుసుకున్నాను. ఏది ఎప్పుడు అన్నదే తెలియట్లేదు. మీరు దేన్ని ఎక్కడ వాడుతున్నారో చెప్పండి.

సెమికోలన్
కళ్ళు మూసుకుని పారాగ్రాఫ్‌లు పెట్టేయండి. ఎడిటర్లకు ఒకటే ఫారం, పైనుంచి కిందికి పేర్చుకుంటూ పోతారు. బ్లాకుల జోలికి పోతే ఏం జరుగుతుందో మీ మొదటి దెబ్బే చెబుతోంది.

గూటిపక్షి
మరి రెండో దెబ్బ ఏం చెబుతోంది బ్రో?

పాతకాపు
చిత్తుప్రతి గారూ, మీకు తగిలిన రెండు దెబ్బల్లోనే జవాబుంది. "సంప్రదించండి" డబ్బా ఎవరిది? ఆ ఎడిటర్ తన పేజీది అనుకున్నారు. సైటు మాత్రం అందరిదీ అనుకుంది. హెచ్చరిక ఎవరిది? నిజానికి అందరిదీ. సైటు మాత్రం ఏ పేజీకి ఆ పేజీదే అనుకుంది. రెండుచోట్లా సొంతదారు ఎవరో తేలలేదు, అంతే.

పారాగ్రాఫ్ తల్లి కొంగు వదలని పిల్ల లాంటిది. ఏ పేజీలో పుట్టిందో ఆ పేజీతోనే ఉంటుంది. దానికి సొంత యూఆర్‌ఎల్ ఉండదు, విడిగా జాబితాలో కనబడదు, పేజీకి ఉన్న అనుమతులే దానికీ. కంటెంట్ బ్లాక్ అలా కాదు, ఊరందరి బావి. అడ్మిన్‌లో దానికంటూ ఒక చోటుంది, ఏ పేజీ అయినా తోడుకోవచ్చు. నోడ్ అయితే సొంత ఇల్లు, సొంత చిరునామా ఉన్న మనిషి.

కాబట్టి ప్రతి ముక్కకీ నేను అడిగేది ఒక్కటే. ఇది మారితే అన్నిచోట్లా మారాలా? "అవును" అయితే పారాగ్రాఫ్ వద్దు. "కాదు" అయితే బ్లాక్ వద్దు. ఒకేలా కనబడుతున్నాయి కదా అని మోసపోకండి. చూపు ఒకటే అయినంత మాత్రాన విషయం ఒకటి కాదు.

కలంకారి
ఆ చివరి మాట మా టీమ్ గోడ మీద రాసి పెట్టుకుంటా. మా డిజైనర్ "ఇది రీయూజబుల్ కాంపోనెంట్" అంటే డెవలపర్ వెళ్ళి రీయూజబుల్ బ్లాక్ కట్టాడు. డిజైనర్ చెప్పింది రూపం గురించి, మళ్ళీ వాడే విషయం గురించి కాదు. మూడు నెలలు తిప్పలు పడ్డాం.

చిత్తుప్రతి
అచ్చం మా దగ్గరా ఇదే! "రీయూజబుల్" అన్న మాటే గందరగోళం చేస్తోంది. రకాన్ని మళ్ళీ వాడటం వేరు, అందులో రాసిన మేటర్‌ని మళ్ళీ వాడటం వేరు.

గూటిపక్షి
నా పద్ధతి వేరు. పంచుకునేది ఏదైనా నోడ్ చేసేస్తా, ఎంటిటీ రిఫరెన్స్ ఫీల్డ్‌తో (ఇంకోచోట ఉన్న ముక్కని చూపించే ఫీల్డు) పిలుచుకుంటా. ఎక్కడ చిన్న కార్డుగా కావాలో, ఎక్కడ పూర్తిగా కావాలో వ్యూ మోడ్‌లు చూసుకుంటాయి. నోడ్‌కి రివిజన్లు (పాత వెర్షన్లు), మోడరేషన్ (డ్రాఫ్ట్ నుంచి లైవ్ దాకా దశలు), అనుమతులు, వెతికే జాబితా అన్నీ మొదటి రోజు నుంచే ఉన్నాయి. ఎడిటర్లకు తెలిసిన దారి కూడా అదే. ఇంకో కొత్త సంగతి నేర్పక్కర్లేదు.

మూడోకన్ను
గూటిపక్షి, నేనూ అలాగే చేసి ఒకసారి ఇరుక్కున్నా. నోడ్ అంటే సొంత పేజీ వచ్చేస్తుంది కదా. "గమనిక: కార్యాలయం మూసివేత" అని రెండు లైన్ల ముక్క. అది సైట్‌మ్యాప్‌లోకి (సైటు పేజీల జాబితా) ఎక్కింది, సెర్చ్ ఇంజన్‌కీ దొరికింది. జనం నేరుగా ఆ పేజీకి వస్తున్నారు, అక్కడ రెండు లైన్లు తప్ప ఏమీ లేదు. ఎప్పటి గమనికో, దేని గురించో కూడా తెలియదు. ర్యాబిట్ హోల్ మాడ్యూల్ (డ్రూపల్‌కి తగిలించే అదనపు భాగం) వేసి ఆ రకం నోడ్‌ల పేజీలను మూసేశాం. సైట్‌మ్యాప్ నుంచి, లోపలి సెర్చ్ నుంచి విడిగా తీయాల్సి వచ్చింది.

గూటిపక్షి
ర్యాబిట్ హోల్ నేను మొదటి రోజే వేస్తా. అలవాటైపోయింది. కానీ మీరన్నది నిజమే, ఒకరు మర్చిపోతే చాలు.

పాతకాపు
నోడ్‌కి నేను పెట్టుకున్న పరీక్ష ఇది: ఈ ముక్క లింకును ఎవరికైనా పంపితే, వాళ్ళకి అది ఒక పేజీగా పనికొస్తుందా? ఒక నిపుణుడి పరిచయం పనికొస్తుంది. ఒక కార్యక్రమం వివరం పనికొస్తుంది. "దరఖాస్తుకు ముందు చదవండి" పనికిరాదు. అది బ్లాక్ కావాలి.

ఎర్రపెన్ను
డెవలపర్ని కాను, ఎడిటర్ని. నాలుగేళ్ళుగా ఇలాంటి సైట్లలోనే రోజంతా పని. మీ అందరి మాటల్లో ఒక సంగతి రాలేదు, చెప్పాలనిపించింది.

చిత్తుప్రతి గారి ఎడిటర్ తప్పేమీ చేయలేదు. పేజీ చూస్తూ ఉంటే డబ్బా మూల మీద పెన్సిల్ బొమ్మ వచ్చింది, నొక్కారు, ఫారం తెరుచుకుంది, మార్చారు, సేవ్ చేశారు. ఆ ఫారంలో ఎక్కడైనా "ఇది 40 పేజీల్లో ఉంది" అని రాసుందా? లేదు. నా పేజీ మీద నుంచి తెరిచిన ఫారం నా పేజీదే అనుకుంటా కదా. ఎవరైనా అలాగే అనుకుంటారు. నాకూ ఇలాగే జరిగింది. ఆ తర్వాత వారం రోజులు ఏ డబ్బా ముట్టుకోవాలన్నా చెయ్యి ఆడలేదు.

మీరు ఏ రకం ఎంచుకున్నా సరే, ఎడిటర్ కంటికి కనబడేలా ఆ ఫారం పైన ఒక్క లైను రాయండి.

చిత్తుప్రతి
ఎర్రపెన్ను గారూ, మా ఎడిటర్‌ని ఆ రోజు మీటింగ్‌లో అందరి ముందూ నిలదీశారు. మీ పోస్టు ఆమెకు పంపిస్తున్నా.

వెబ్‌తోట
డ్రూపల్ మనిషిని కాను, వర్డ్‌ప్రెస్ వైపు నుంచి ఒక మాట. మా దగ్గరా ఇదే కథ నడిచింది. 2018 డిసెంబర్‌లో 5.0తో బ్లాక్ ఎడిటర్ వచ్చినప్పుడే "రీయూజబుల్ బ్లాక్స్" వచ్చాయి. 2020లో 5.5తో "ప్యాటర్న్స్" అని ఇంకోటి వచ్చింది. రెండూ చూడ్డానికి ఒకటే. మొదటిది ఒకచోట మారిస్తే అంతటా మారుతుంది. రెండోది పేజీలో పెట్టగానే కాపీ అయిపోతుంది, తర్వాత దేని దారి దానిదే. జనం ఒకదాన్ని ఇంకోటి అనుకుని వాడేవాళ్ళు. చివరికి 2023 ఆగస్టులో 6.3 వచ్చినప్పుడు రీయూజబుల్ బ్లాక్స్ పేరునే మార్చేశారు. ఇప్పుడు అన్నీ ప్యాటర్న్‌లే. ఒకటి సింక్ అయ్యేది, ఇంకోటి సింక్ కానిది.

నాకు ఈ పేరు మార్పు చాలా నచ్చింది. "మళ్ళీ వాడొచ్చు" అంటే ఏమీ చెప్పినట్టు కాదు. "సింక్ అవుతుంది" అంటే ఎడిటర్‌కి అసలు సంగతి తెలుస్తుంది. పైగా సింక్ అయ్యేవి ఎడిటర్‌లో ఊదా రంగు గీతతో వేరుగా కనబడతాయి. ఎర్రపెన్ను గారు అడిగింది కొంతవరకు అదే.

ఎర్రపెన్ను
ఊదా రంగు గీత! మాకూ కావాలి.

కోడ్‌కోయిల
వెబ్‌తోట చెప్పినదానికి చిన్న వివరం. లోపల చూస్తే తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. సింక్ అయ్యే ప్యాటర్న్ పెడితే పేజీ మేటర్‌లో దాని ఐడీ నంబరు ఒక్కటే ఉంటుంది, అసలు మేటర్ వేరే పోస్టుగా దాచి ఉంటుంది. సింక్ కానిది పెడితే మొత్తం మార్కప్ (మేటర్, దాని కోడ్) పేజీలోకి వచ్చి పడుతుంది. డ్రూపల్‌లో బ్లాకుకీ పారాగ్రాఫ్‌కీ మధ్య గీత కూడా దాదాపు అక్కడే ఉంది.

వాగ్‌టెయిల్ అనే ఇంకో సైటు సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. పేజీ సొంత ముక్కలకు స్ట్రీమ్‌ఫీల్డ్, అందరిదానికి స్నిపెట్. స్నిపెట్ ఎక్కడెక్కడ వాడారో చూపించే పేజీ కూడా ఇస్తారు.

సెమికోలన్
అందరూ నా మీద పడ్డారు కాబట్టి చెప్తున్నా. పారాగ్రాఫ్స్ మాడ్యూల్‌తోపాటే పారాగ్రాఫ్స్ లైబ్రరీ అని ఉప మాడ్యూల్ వస్తుంది. ఒక పారాగ్రాఫ్‌ని లైబ్రరీలోకి ఎక్కిస్తే ఎన్ని పేజీల్లో అయినా పిలుచుకోవచ్చు, ఒకచోట మారిస్తే అంతటా మారుతుంది. ఎడిటర్ అదే ఫారంలో ఉంటాడు, బ్లాకుల వైపు వెళ్ళే పనే లేదు. అప్పుడు రెండో దెబ్బ కూడా పోయింది కదా?

పాతకాపు
లైబ్రరీ మంచిదే, నేనూ వాడాను. అయితే లైబ్రరీలోకి ఎక్కిన క్షణం నుంచి అది పారాగ్రాఫ్‌లా నడుచుకోదు, బ్లాకులా నడుచుకుంటుంది. ఇది చాలామంది గమనించరు, నేను కూడా ఆలస్యంగానే గమనించాను. కొంచెం విడమరిచి చెప్తా.

మామూలు రిఫరెన్స్ ఫీల్డ్ ఒక ఐడీని మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. పారాగ్రాఫ్ ఫీల్డ్ అలా కాదు. అది ఎంటిటీ రిఫరెన్స్ రివిజన్స్ అనే మాడ్యూల్ మీద నిలబడి ఉంది. ఐడీతోపాటు రివిజన్ నంబరు కూడా దాచుకుంటుంది. అంటే పేజీ 7వ వెర్షన్ "నాకు ఫలానా పారాగ్రాఫ్ 3వ వెర్షనే కావాలి" అని పట్టుకుని ఉంటుంది. మీరు పేజీని డ్రాఫ్ట్‌లో పెట్టి పారాగ్రాఫ్ ఎంత మార్చినా లైవ్ పేజీ కదలదు. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్తే పారాగ్రాఫ్ కూడా దాంతోపాటే వెనక్కి వెళ్తుంది. పారాగ్రాఫ్‌ల అసలు బలం ఇదే, పేర్చుకునే ఫారం కాదు.

బ్లాకుకి గానీ, లైబ్రరీ ఐటమ్‌కి గానీ ఈ పట్టు ఉండదు. పేజీ దగ్గర ఉండేది "ఫలానాది" అన్న మాట వరకే. "ఎప్పటిది" అన్నది ఉండదు. మీరు పేజీని డ్రాఫ్ట్‌లో ఉంచుకుని, అందులోని బ్లాక్ మార్చి సేవ్ చేశారనుకోండి. పేజీ ఇంకా డ్రాఫ్టే. బ్లాక్ మాత్రం ఆ నిమిషమే 40 పేజీల్లో లైవ్ అయిపోయింది.

మూడోకన్ను
బ్లాక్ రకానికి కూడా కంటెంట్ మోడరేషన్ వర్క్‌ఫ్లో తగిలించొచ్చు కదా? డ్రూపల్‌లోనే ఉంది.

పాతకాపు
తగిలించొచ్చు, తగిలించాలి కూడా. అప్పుడు బ్లాక్ డ్రాఫ్ట్ విడిగా, పేజీ డ్రాఫ్ట్ విడిగా నడుస్తాయి. రెండూ ఒకేసారి లైవ్ అవ్వాలంటే ఎవరో ఒకరు రెండు చోట్లా నొక్కాలి. కొందరికి అది చాలు. కొందరికి చాలదు.

చిత్తుప్రతి
ఇది నాకు పూర్తిగా కొత్త. మేం ఇన్నాళ్ళూ పారాగ్రాఫ్ అంటే "పేజీ లోపలి డబ్బా" అనే అనుకున్నాం. రివిజన్ పట్టుకుని ఉంటుందని ఎవరికీ తెలియదు.

దస్తావేజు
పాతకాపు గారు చెప్పినదానికి నా పనిలోంచి ఒక అనుభవం జోడిస్తా. "ఫలానా తేదీన మీ సైటులో ఏం రాసుంది?" అని మమ్మల్ని అడిగే సందర్భాలు వస్తుంటాయి. ఒకసారి అలాగే అడిగారు. రివిజన్లు అన్నీ ఉన్నాయి కదా అని ధైర్యంగా పేజీ పాత వెర్షన్ తెరిచి ప్రింట్ తీశాం. ముఖ్యమైన నిబంధన ఒక షేర్డ్ బ్లాకులో ఉంది. పాత పేజీలో ఈనాటి నిబంధన వచ్చి కూర్చుంది. అదృష్టం కొద్దీ ఒకామె గమనించింది, లేకపోతే తప్పు కాగితం ఇచ్చేసేవాళ్ళం.

అప్పటి నుంచి నిబంధనల మేటర్ ఉన్న బ్లాకులకి మేం తప్పనిసరిగా కొత్త రివిజన్, లాగ్ మెసేజ్ రాయిస్తున్నాం. పేజీ రివిజన్, బ్లాక్ రివిజన్ రెండూ తేదీ చూసి జతచేస్తేనే ఆనాటి పేజీ దొరుకుతుంది. చేత్తో చేయాల్సిన పనే. వేరే దారి కనబడలేదు.

గూటిపక్షి
నా నోడ్ రిఫరెన్స్‌కీ ఇదే సమస్య. ఇన్నాళ్ళూ ఆలోచించలేదు. ఇవాళ నిద్ర పట్టదు.

నీలిసిరా
ఇంతకీ లేఅవుట్ బిల్డర్ సంగతి ఎవరూ చెప్పలేదు. చిత్తుప్రతి గారు అడిగారు కదా. దాంట్లో "బ్లాక్ జోడించు" నొక్కితే రెండు దారులు ఉంటాయి. ఉన్న బ్లాకుల్లోంచి ఎంచుకుంటే అది అందరి బ్లాక్. అక్కడే కొత్తగా సృష్టిస్తే అది ఇన్‌లైన్ బ్లాక్, ఆ పేజీ సొంతం. అదే బ్లాక్ రకం, అవే ఫీల్డులు, అదే రూపం. కానీ బ్లాకుల జాబితాలో కనబడదు, వేరే పేజీ తోడుకోలేదు. పేజీ లేఅవుట్ దాని రివిజన్ నంబరునే పట్టుకుంటుంది. అంటే ఇన్‌లైన్ బ్లాక్ పేరుకు బ్లాక్, నడకకు పారాగ్రాఫ్.

ఒక ఇన్‌లైన్ బ్లాక్ బాగుంది, ఇప్పుడు దీన్ని అందరికీ పంచుదాం అనుకుంటే కోర్‌లో (డ్రూపల్ అసలు ప్యాకేజీలో) దానికి బటన్ లేదు. కొత్తగా కట్టుకోవాల్సిందే. అందుకే మొదట్లోనే తేల్చుకోవాలి.

కలంకారి
ఓహో, అందుకా! మా ఎడిటర్లు "నేను నిన్న బ్లాక్ చేశాను, జాబితాలో లేదు, పోయింది" అని రోజుకోసారి ఫోన్ చేసేవాళ్ళు.

సెమికోలన్
లేఅవుట్ బిల్డర్‌తో నాకో ఇబ్బంది ఉంది. పేజీకి సొంత లేఅవుట్ ఇచ్చాక ఆ అమరిక మొత్తం ఒకే ఫీల్డులో సీరియలైజ్ అయి (ఒకే ముద్దగా మారి) కూర్చుంటుంది. "ఏ పేజీల్లో ఈ డబ్బా ఉంది" అని డేటాబేస్‌ని నేరుగా అడగాలంటే కష్టం. పారాగ్రాఫ్ అయితే మామూలు ఫీల్డే, వ్యూస్‌తో (డ్రూపల్‌లో జాబితాలు తీసే సాధనం) అడగొచ్చు. అనువాదం కూడా అంతే. పేజీకి ఇచ్చిన ఆ సొంత లేఅవుట్‌కి భాష వారీ అనువాదం కోర్‌లో నేరుగా లేదు, అదనపు మాడ్యూళ్ళు చూసుకోవాలి.

రెండుభాషలు
అనువాదం పేరు వచ్చింది కాబట్టి. మాది రెండు భాషల సైటు. పారాగ్రాఫ్ వాడేవాళ్ళు అందరూ ఒకసారి పడే గుంత ఒకటుంది. పేజీలో పారాగ్రాఫ్‌ని పిలిచే ఫీల్డుకి "అనువదించదగినది" టిక్ పెట్టకూడదు. పారాగ్రాఫ్ లోపలి ఫీల్డులకి పెట్టాలి. మేం తిరగేసి పెట్టాం. ఒక భాషలో ముక్కలు సేవ్ చేస్తే ఇంకో భాషలో చిందరవందర అయ్యాయి. 200 పేజీల తర్వాత తెలిసింది. టిక్ పెట్టే ముందు సెట్టింగ్ పేజీలో హెచ్చరిక కూడా ఉంటుంది, మేం చదవలేదు.

టిక్ సరిగా పెడితే రెండు భాషల్లోనూ ముక్కలు ఒకే వరుసలో ఉంటాయి, మాటలు మాత్రం మారతాయి. ఒక భాష పేజీలో నాలుగు ముక్కలు, ఇంకో భాషలో రెండే కావాలంటే ఈ పద్ధతి పనికిరాదు.

షేర్డ్ బ్లాక్ ఇక్కడ హాయి. ఒక్కసారి అనువదిస్తే 40 పేజీలూ రెండు భాషల్లో సిద్ధం. మీ హెచ్చరిక పారాగ్రాఫ్ అయ్యుంటే 60 సార్లు అనువాదం చేయించేవాళ్ళు.

చిత్తుప్రతి
60 సార్లు అనువాదం చేయించాం కూడా. ఆ సంగతి మొదటి పోస్టులో రాయలేదు.

కోడ్‌కోయిల
బ్లాక్ వైపు వెళ్ళేవాళ్ళకి ఒక జాగ్రత్త. బ్లాక్ లోపలి మేటర్ కంటెంట్. దాన్ని బ్లాక్ లేఅవుట్‌లో ఫలానా చోట పెట్టడం కాన్ఫిగరేషన్ (సైటు సెట్టింగు). టెస్ట్ సైటులో బ్లాక్ రాసి, చోటు పెట్టి, కాన్ఫిగ్ ఎక్స్‌పోర్ట్ చేసి లైవ్‌కి పంపితే చోటు వెళ్తుంది, మేటర్ వెళ్ళదు. చోటు యూయూఐడీని (బ్లాకు ప్రత్యేక గుర్తింపు సంఖ్య) వెతుక్కుంటుంది, లైవ్‌లో ఆ యూయూఐడీ ఉన్న బ్లాకే ఉండదు. అప్పుడు పేజీలో "ఈ బ్లాక్ విరిగిపోయింది లేదా దొరకడం లేదు" అనే అర్థంలో సందేశం వస్తుంది. బ్లాక్ ముందు లైవ్‌లో రాసి, లైవ్ డేటాబేస్‌ని కిందికి తెచ్చుకుని, అప్పుడు చోటు పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి. పారాగ్రాఫ్‌కి, పేజీలో రిఫరెన్స్ ఫీల్డుతో పిలిచే బ్లాకుకి ఈ తంటా లేదు.

నీలిసిరా
ఆ సందేశం చూసి మాడ్యూల్ పోయిందేమో అని నేను ఒక పూట వెతికా. పోయింది మాడ్యూల్ కాదు, మేటర్.

మూడోకన్ను
తీసేయడం గురించి కూడా మాట్లాడుకోవాలి. పుట్టించడం గురించే అందరూ ఆలోచిస్తారు.

బ్లాక్ డిలీట్ నొక్కితే బ్లాక్ లేఅవుట్‌లో ఎన్నిచోట్ల పెట్టారో లెక్క చెప్పి అవన్నీ పోతాయని హెచ్చరిస్తుంది. లేఅవుట్ బిల్డర్‌లో పెట్టిన చోట్లు మాత్రం ఆ లెక్కలోకి రావు. "ఎక్కడా లేదు" అనుకుని డిలీట్ చేస్తే పేజీలు ఖాళీ అవుతాయి. అందుకే మేం ఎంటిటీ యూసేజ్ మాడ్యూల్ వేశాం. ఒక ముక్క ఏయే పేజీల్లో వాడుకలో ఉందో జాబితా ఇస్తుంది. ఎర్రపెన్ను గారు అడిగిన "ఇది 40 పేజీల్లో ఉంది" అన్న లైను మేం ఆ జాబితా నుంచే తీసి ఫారం పైన చూపిస్తున్నాం. చిన్న ఫారం ఆల్టర్ (ఫారాన్ని మార్చే కోడ్), పెద్ద పనేం కాదు.

పారాగ్రాఫ్‌ల వైపు ఇంకో రకం. పేజీ నుంచి పారాగ్రాఫ్ తీసేసినా డేటాబేస్‌లో ఉండిపోతుంది, ఎందుకంటే పాత రివిజన్‌కి అది కావాలి. పాత రివిజన్లు కూడా పోయాక అనాథలుగా మిగిలినవాటిని ఏరేసే పేజీ ఎంటిటీ రిఫరెన్స్ రివిజన్స్ మాడ్యూల్‌లోనే ఉంది.

పాతకాపు
అది చెప్పారు కాబట్టి బరువు గురించి కూడా. పేజీకి కొత్త రివిజన్ పడినప్పుడల్లా దాని పారాగ్రాఫ్‌లు అన్నిటికీ కొత్త రివిజన్ పడుతుంది, మీరు ముట్టుకున్నది ఒక్కటే అయినా సరే. 20 పారాగ్రాఫ్‌ల పేజీని 50 సార్లు సేవ్ చేస్తే 1000 పారాగ్రాఫ్ రివిజన్లు. ఒక్కొక్కదానికీ దాని ఫీల్డుల టేబుళ్ళలో వరసలు విడి. పారాగ్రాఫ్‌లో పారాగ్రాఫ్, అందులో ఇంకో పారాగ్రాఫ్ అని పెడితే ఇక చెప్పక్కర్లేదు. సెమికోలన్, "అంతా పారాగ్రాఫ్‌లే" అన్నప్పుడు ఈ లెక్క కూడా చూసుకోవాలి మరి.

సెమికోలన్
ఒప్పుకుంటా. నా సైట్లు చిన్నవి, పేజీకి ఆరేడు దాటవు. గూడు మీద గూడు పెట్టను, రెండు అంతస్తులే. అయినా మళ్ళీ చెప్తున్నా, పేజీ సొంత మేటర్‌కి పారాగ్రాఫ్‌ని మించింది లేదు.

పాతకాపు
పేజీ సొంత మేటర్‌కి అంటే నేనూ మీ వెనకే.

బొమ్మలకొలువు
మీడియా కూడా ఈ లెక్కలోకే వస్తుందండీ. ఒకే ఫోటో పది పేజీల్లో వాడతాం. దాని ఆల్ట్ టెక్స్ట్ (ఫోటో చూడలేనివాళ్ళకి రాసే వివరణ) మీడియాలో ఉంటుంది, అంటే పది పేజీల్లోనూ ఒకటే. ఒక పేజీలో ఆ ఫోటో "భవనం ముఖద్వారం", ఇంకో పేజీలో "వీల్‌చైర్ వెళ్ళే ర్యాంప్ ఎక్కడుందో చూపే ఫోటో". తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో వినేవాళ్ళకి ఆ తేడా చాలా ముఖ్యం. ఎడిటర్ బాక్స్‌లో ఫోటో పొదిగితే ఆ చోటుకి మాత్రం ఆల్ట్ మార్చుకోవచ్చు. ఫీల్డులో ఎంచుకుంటే కుదరదు. అలాంటి చోట నేను పారాగ్రాఫ్‌లో ఫోటో పక్కన ఒక వివరణ ఫీల్డు పెడతా.

చిత్తుప్రతి
చాలా స్పష్టత వచ్చింది. రాత్రి కూర్చుని మా ముక్కలన్నిటినీ "ఇది మారితే అన్నిచోట్లా మారాలా" అని అడిగి చూశాను. హెచ్చరిక షేర్డ్ బ్లాక్, మోడరేషన్‌తో. పేజీ లోపలి భాగాలు, ఫోటో పక్కన మేటర్, నొక్కితే జవాబు తెరుచుకునే ప్రశ్నలు పారాగ్రాఫ్‌లు. నిపుణుల పరిచయాలు నోడ్. లేఅవుట్ బిల్డర్ హోం పేజీకి, విభాగాల మొదటి పేజీలకి మాత్రమే.

ఒక్కటే తేలట్లేదు. మొదట తిప్పలు పెట్టిన "సంప్రదించండి" డబ్బానే. 40 పేజీల్లో 37కి అంతా ఒకటే. 3 పేజీలకి ఫోన్ నంబర్ అదే, పనివేళలు మాత్రం వేరు. ఆ ఎడిటర్ మార్చబోయింది అందుకే. బ్లాక్ చేస్తే 3 పేజీలకి తప్పు, పారాగ్రాఫ్ చేస్తే 37 పేజీలకి పని.

వెబ్‌తోట
మా దగ్గర దీనికే 2024 జూలైలో 6.6తో ఓవర్‌రైడ్స్ వచ్చాయి. ప్యాటర్న్ అంతా సింక్ అవుతుంది, మీరు గుర్తుపెట్టిన శీర్షికో, పేరానో, బటనో, బొమ్మో మాత్రం పేజీ వారీగా మార్చుకోవచ్చు. డ్రూపల్‌లో అలాంటిది ఉందా?

నీలిసిరా
ఇలాంటప్పుడు రెండో బ్లాక్ కాపీ చేసేస్తే అయిపోదా? ఒకటి 37కి, ఇంకోటి 3కి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు.

మూడోకన్ను
ఫోన్ నంబర్ మారిన రోజు రెండోది మర్చిపోతారు నీలిసిరా. 4 పేజీలు తప్పిపోయిన కథ మళ్ళీ మొదలు.

పాతకాపు
డబ్బాని ఒక ముక్కగా చూడటం మానేయండి. అందులో రెండు విషయాలు ఉన్నాయి. నంబర్, ఈమెయిల్, మామూలు పనివేళలు అందరివి. ఆ 3 పేజీల ప్రత్యేక వేళలు ఆ పేజీలవి. అందరివి బ్లాకులో విడివిడి ఫీల్డులుగా పెట్టండి, ఒకే పెద్ద ఎడిటర్ బాక్సులో కుక్కొద్దు. పేజీలో ఒక చిన్న పారాగ్రాఫ్ రకం కట్టండి. దాంట్లో రెండే ఫీల్డులు: ఏ బ్లాక్ అన్న రిఫరెన్స్, "ఈ పేజీకి వేళలు వేరైతే ఇక్కడ రాయండి" అనే ఐచ్ఛిక ఫీల్డు. టెంప్లేట్‌లో (ముక్క ఎలా కనబడాలో చెప్పే ఫైలు) ఐచ్ఛిక ఫీల్డు నిండి ఉంటే అది చూపించండి, ఖాళీ అయితే బ్లాకులోది చూపించండి.

క్యాష్ (వేగం కోసం దాచుకునే పేజీ కాపీ) గురించి కంగారు వద్దు. బ్లాకుని మామూలు పద్ధతిలో రెండర్ చేస్తే దాని క్యాష్ ట్యాగ్ (ఏది మారితే ఆ కాపీ పారేయాలో చెప్పే గుర్తు) పేజీ దాకా పైకి పాకుతుంది. బ్లాక్ సేవ్ కాగానే అది ఉన్న 40 పేజీల క్యాష్ మాత్రమే పోతుంది, మిగతా సైటు కదలదు. టెంప్లేట్‌లో ఫీల్డు విలువను నేరుగా లాక్కుంటేనే ఆ ట్యాగ్ జారిపోతుంది. మీరు ఐచ్ఛిక ఫీల్డు కోసం అదే చేయబోతారు, కాబట్టి ఆ ఒక్కచోట ట్యాగ్ చేత్తో జోడించండి.

సెమికోలన్
బ్లాకుని మోసే పారాగ్రాఫ్. మా ఇద్దరికీ రాజీ కుదిర్చినట్టుంది ఇది.

ఎర్రపెన్ను
ఆ ఐచ్ఛిక ఫీల్డు మీద రాసిన మాట ఎంత బాగుందో. "ఈ పేజీకి వేళలు వేరైతే ఇక్కడ రాయండి". ఆ లైను ఉంటే ఆ రోజు ఆ ఎడిటర్ సరిగ్గా అక్కడే రాసేవారు.

కోడ్‌కోయిల
అనుమతులు కూడా విడదీయండి. డ్రూపల్ 10.1 నుంచి ఒక్కో బ్లాక్ రకానికి మార్చే హక్కు విడిగా ఇవ్వొచ్చు. అంతకుముందు బ్లాక్ మార్చాలంటే బ్లాకుల నిర్వహణ హక్కు మొత్తం ఇవ్వాల్సి వచ్చేది. "సంప్రదింపు" బ్లాకు హక్కు ఇద్దరికిస్తే చాలు. బ్లాకుల జాబితా కూడా అదే వెర్షన్ నుంచి కంటెంట్ మెనూ కిందికి వచ్చింది, ఎడిటర్లు వెతుక్కునే పని తగ్గింది.

చిత్తుప్రతి
వారం తర్వాత వస్తున్నా. పాతకాపు గారు చెప్పినట్టే కట్టాం. ఫోన్ నంబర్ ఒకటి మార్చి చూశాం, 40 పేజీల్లో మారింది, 3 పేజీల వేళలు చెక్కుచెదరలేదు. క్యాష్ ట్యాగ్ మాట ముందే చెప్పకపోతే అక్కడే పడేవాళ్ళం. ఎంటిటీ యూసేజ్ వేసి ఫారం పైన "ఈ మేటర్ 40 పేజీల్లో కనబడుతుంది" అని లైను పెట్టాం, పక్కనే ఆ పేజీల జాబితాకి లింకు. ఆ లైను మాటలు మా ఎడిటరే రాశారు.

హెచ్చరిక మిగిలింది. 60 పారాగ్రాఫ్‌లను ఒక బ్లాకుకి మార్చే స్క్రిప్ట్ రాస్తుంటే 60లో 11 చోట్ల మాటలు కొద్దికొద్దిగా తేడాగా ఉన్నాయని తేలింది. ఏది అవసరమై మార్చారో, ఏది టైపింగ్ తేడానో ఎడిటర్లతో ఒక్కొక్కటీ చదివిస్తున్నాం. ఇప్పటికి 6 అయ్యాయి.

దస్తావేజు
ఆ 11 పేజీల పాత రివిజన్లు మాత్రం తీసేయకండి.